మోటారు మేస్త్రీయు నమ్మకమును



కారు ఇంజను చెడినపుడు దానిని ఎవరి చేతిలో పెట్టవలయును? నేడు నేను ప్రసంగింపదలచిన విషయమిది. దీనికొక చరిత్ర కూడ నున్నదా యని కొందఱు నవ్వవచ్చును. కాని ఒకని వస్తువును మఱియొకడు విప్పి చూచునపుడు, లోపల నేమున్నదో విప్పినవానికే గాని యజమానునికి తెలియనపుడు, మనసున పుట్టెడి శంక మోటారుతో కూడ పుట్టినది కాదు. అది మిక్కిలి ప్రాచీనమైనది. దానిని తీర్చుకొనుటకు మన పూర్వులును, ఇతర దేశీయులును చేసిన యేర్పాటులు తెలిసికొనినచో, మన పని మనకు సులభమగును.

పైగా ఇది చిన్న ఖర్చు కాదు. పల్లెలలో నేడు ట్రాక్టరులును కారులును విశేషముగా పెరిగినవి. ఇంజనును దింపి, సిలిండరులు బోరు చేయించి, పిస్టనులు మార్పించుట యన్నచో, చిన్న రైతునకు ఒక పంట మిగులంతయు అందులోనే పోవును. ఆ సొమ్ము వృథాగా పోయెనా, సార్థకమాయెనా యనునది అతనికి ఆరు నెలలకు గాని తెలియదు. ఒక్కొకప్పుడు ఎన్నటికిని తెలియదు.

మొదట మన శాస్త్రమును చూతము. కౌటిల్యుని యర్థశాస్త్రము బహుకాలము కంటబడక యుండి, 1905లో మైసూరున తాళపత్ర రూపమున లభించెను. ఆర్. శామశాస్త్రిగారు 1909లో దానిని ముద్రించిరి. అందు నాలుగవ యధికరణమునకు కంటకశోధనమని పేరు. దాని మొదటి యధ్యాయము కారుకరక్షణము, అనగా పనివారి విషయమున ప్రజలకు రక్షణ. రాజ్యమునకు ముండ్లవంటి వారిని ఏరివేయు నధికరణము దొంగలతో మొదలుపెట్టక పనివాండ్రతో మొదలుపెట్టుట గమనింపదగినది. దొంగ రాత్రి వచ్చును. చెడ్డ పనివానిని మనమే పగలు పిలిచి సొమ్ము చేతికిత్తుము.

అందలి విధులు నేటికిని పనికివచ్చునవి. పనివాడు చోటును, గడువును, పనియొక్క స్వరూపమును ముందుగా నిర్ణయించుకొని పని చేయవలయును. గడువు దాటినచో కూలిలో నాలుగవ వంతు తగ్గును, దానికి రెట్టింపు దండువయు పడును. చెప్పిన పని యొకటి, చేసినది వేఱొకటి యైనచో కూలి యంతయు పోవును, రెట్టింపు దండువయు పడును. దైవికముగా వచ్చిన యాపదకు మాత్రము మినహాయింపు కలదు. పరుల వస్తువును పనికై తీసికొనువాడు, నష్టము వచ్చినచో తీర్చగలవాడై యుండవలయును. అతని వెనుక శ్రేణి, అనగా ఆ వృత్తివారి సంఘము, పూచీగా నిలువవలయును. చాకలి తనకు ఉతుకుటకిచ్చిన బట్టలను తాను కట్టుకొని తిరిగినచో మూడు పణముల దండువ. బాగుచేయుటకిచ్చిన కారులో ఊరంతయు తిరిగివచ్చెడి కుఱ్ఱవాండ్రను మీరును చూచియుందురు. వారికీ సూత్రము వినిపింపదగును.

బంగారు పని విషయమున శాస్త్రకారుడు మఱింత జాగరూకుడు. ఏ వన్నెతో, ఏ తూకముతో తీసికొనిరో, ఆ వన్నెతో ఆ తూకముతోనే తిరిగి యీయవలయునని విధించెను. బంగారమును హరించు నుపాయములు అయిదింటిని పేర్కొనెను. తక్కెడలో మోసము వానిలో నొకటి, మంచి లోహమును తీసి తక్కువదానిని పెట్టుట మఱియొకటి. కొత్త భాగమునకు వెల పుచ్చుకొని పాతదానినే తుడిచి బిగించు విద్యకు మూలపురుషు లెవరో దీనివలన తెలియుచున్నది. వృత్తిని నిందించుట శాస్త్రకారుని యుద్దేశము కాదు, నాదియు కాదు. కంటికి కనబడని చోట జరుగు పనికి వేఱు కట్టుబాటు కావలయునని మాత్రమే యాతని తాత్పర్యము.

మన పల్లెలలో ఆ కట్టుబాటు మఱియొక రూపమున నుండెడిది. పన్నిద్దఱాయగాండ్ర పద్ధతిని మీలో వృద్ధులైనవారు పెద్దలవలన వినియుందురు. కమ్మరియు వడ్రంగియు నాగలికి ఇంతయని, కఱ్ఱుకు ఇంతయని రొక్కము పుచ్చుకొనెడివారు కారు. కళ్ళములో ధాన్యము కొలుచునపుడు వారికి మేర కొలిచెడివారు. ఇందలి కిటుకును ఆలోచింపుడు. నాగలి పదిమార్లు విఱిగినను, ఒకమారు విఱిగినను కమ్మరికి వచ్చు గింజలు అవియే. కావున గట్టిగా పని చేయుటయే యతనికి లాభము. రైతు పంటయే యతని పంట. అతడు పరుని మోసగింపవలెనన్నను, ఆ పరుడు ఎదురింటివాడే యయ్యెను.

ఐనను ఆ కాలమే బంగారు కాలమని చెప్పుటకు నాకు నోరాడదు. పనివాడు పుట్టుకచేత కట్టుబడియుండెను. మేర తక్కువగా కొలిచినపుడు అతడు వేఱొక యూరికి పోగలవాడు కాడు, మేలైన పనికి మేలైన వెల యడుగగలవాడును కాడు. మనకు కావలసినది ఆ పద్ధతిలోని సంకెల కాదు. పని నిలిచినచో పనివానికిని మేలు కలుగవలయునను న్యాయము మాత్రమే.

ఇక మోటారు కథకు వత్తము. జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ తన మూడుచక్రముల మోటారుబండికి 1886 జనవరి 29వ తేదీన హక్కుపత్రము కోరెను. 1888 ఆగస్టులో అతని భార్య బెర్తా, భర్తకు చెప్పకయే, ఇద్దఱు కుమాళ్ళను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ బండిమీద బయలుదేరెను. దూరము సుమారు 106 కిలోమీటర్లు. మోటారుచరిత్రలో మొదటి దూరప్రయాణమిదియే, మొదటి దారి మరమ్మతులును ఇందే జరిగినవి. ఇంధనము వీస్లోక్ గ్రామమున మందుల అంగడిలో దొరకెను. ఇంధనపు గొట్టము పూడగా ఆమె తన టోపీసూదితో పొడిచి బాగుచేసికొనెను. గొలుసు సాగినపుడు ఒక కమ్మరి సరిచేసెను. బ్రేకు దిమ్మె లరుగగా చెప్పులు కుట్టువాడొకడు తోలు కొట్టెను. ఇల్లు చేరి ఆమె భర్తకు చెప్పిన మాటలలో, కొండ యెక్కుటకు మఱియొక గేరు కావలయునని కూడ నుండెను.

ఈ కథలో మనకు ముఖ్యమైన దొకటి యున్నది. ఆనాడు మరమ్మతు యజమానురాలి కన్నులయెదుట జరిగెను. ఏమి చెడెనో ఆమెకు తెలియును, ఏమి చేసిరో ఆమె చూచెను. తరువాత అమెరికాలో ఫోర్డు 1908 నుండి 1927 వరకు కోటి యేబది లక్షలకు పైగా తయారుచేసిన మోడల్ టీ బండి విషయమునను ఇట్లే యుండెను. సుత్తి, పానా పట్ట నేర్చిన రైతు దానిని తన కొట్టములోనే విప్పి బిగించుకొనెడివాడు. కాని యంత్రము పెరిగినకొలది దానిలోని రహస్యములును పెరిగినవి. యజమానుడు కొట్టము వదలి వర్కుషాపు గుమ్మమున నిలుచువాడాయెను.

అప్పుడు పాత శంక కొత్త రూపమున తల యెత్తెను. 1941లో అమెరికాలోని రీడర్సు డైజెస్టు పత్రిక ఒక పరీక్ష చేయించెను. బాగుగా నున్న కారులో ఒక తీగెను మాత్రము కావలెనని ఊడదీసి, దానిని దేశమంతట 347 వర్కుషాపులకు తీసికొనిపోయిరి. తీగెను మరల తగిలించుట నిమిషము పని. కాని నూటికి 63 చోట్ల అక్కఱలేని పని చేసిరి, లేదా చేయని పనికి సొమ్ము పుచ్చుకొనిరి, లేదా లేని రోగమును చెప్పిరి. తక్కినవారు న్యాయముగనే నడచిరని కూడ మఱువరాదు. ప్రతి నూటిలో 37 గురు సత్యవంతులే. వారి నెట్లు గుర్తించుట యనునదే సమస్య.

పండితులును దీనిని విచారించిరి. 1970లో జార్జి అకర్లాఫ్ పాత కారుల బేరమును దృష్టాంతముగా గొని యొక వ్యాసము వ్రాసెను. అమ్మువానికి తెలిసినది కొనువానికి తెలియనిచో, మంచి సరుకునకు తగిన వెల రాక, అది సంతనుండి తొలగిపోవునని యందు నిరూపించెను. 2001లో అర్థశాస్త్రమునకిచ్చు నోబెలు బహుమానమును పొందిన ముగ్గురిలో అతడొకడు. 1973లో డార్బీ, కార్నీ యనువారు మఱొక మెట్టు దిగిరి. మామిడిపండు మంచిదో కాదో తిన్న తరువాత తెలియును. వైద్యము, మోటారు మరమ్మతు అట్టివి కావు. సొమ్ము చెల్లించి, బండి నడుచుచున్న పిదప గూడ, మార్చిన భాగము నిజముగా చెడెనో లేదో మనకు తెలియదు. ఇట్టి వస్తువులను విశ్వాసముమీదనే కొనవలసియుండునని వారు చెప్పిరి. రోగమును చెప్పువాడును, మందు అమ్మువాడును ఒక్కడే యైనచోట ఈ చిక్కు తప్పదు.

చిక్కు తప్పనిచోట శాసనము వచ్చును. కాలిఫోర్నియా రాష్ట్రము 1971లో మోటారు మరమ్మతుల చట్టము చేసెను. పని మొదలుపెట్టకముందే వ్రాతపూర్వకమైన యంచనా ఈయవలయును. అంచనా మించినచో యజమానుని మరల అడుగవలయును. కోరినచో తీసివేసిన పాత భాగములను తిరిగి యీయవలయును. బిగించిన భాగము కొత్తదో, వాడినదో, బాగుచేసినదో బిల్లులో చెప్పవలయును. 1972లో ఆ దేశముననే మెకానిక్కులకు పరీక్షలు పెట్టి యోగ్యతాపత్రము లిచ్చు సంస్థయు ఏర్పడెను. ఈ నిబంధనలను అర్థశాస్త్ర విధుల ప్రక్కన పెట్టి చూడుడు. చోటు, గడువు, పని ముందే నిర్ణయించుట, తీసికొన్నదానిని తీసికొన్నట్లే చూపుట, పూచీ నిలుచుట. దేశమును కాలమును వేఱైనను మనుష్యుడు వేఱు కాలేదు.

మన దేశమున యంత్రము పొలములోనికి వచ్చినది కారు రూపమున కాదు, చమురు ఇంజను రూపమున. ఇరువదవ శతాబ్దారంభమున ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను నింజనీరు మద్రాసు రాజధానిలో ఇంజనులతో నీరు తోడు పద్ధతిని వ్యాపింపజేసెను. పిమ్మట బస్సులు, లారీలు, కారులు వచ్చినవి. 1950లో కేంద్రప్రభుత్వము చేతిపనుల శిక్షణకు పథకము నేర్పరచగా, ఐ.టి.ఐ. లలో మోటారు పనియు నేర్పబడెను. కాని మన మేస్త్రీలలో పెక్కుండ్రు షెడ్డులోనే చదివినవారు. పది పండ్రెండేండ్ల బాలుడు పానాలు అందించుచు చేరి, గురువు తిట్టులు తిని, చెవితోడనే ఇంజను నాడి పట్టుట నేర్చెడివాడు. పసివాండ్రను పనిలో పెట్టుట నేడు నేరము, అది న్యాయమే. అయినను ఆ విధముగా నేర్చినవారి చేతినేర్పు మాత్రము కాదనరానిది. 2014 వరకు తయారైన అంబాసిడరు కారు వారికి పాఠశాల. దాని లోపల నేమున్నదో మూత యెత్తగనే కనబడెడిది.

విజయవాడ ఆటోనగరును చూచినవారికి ఈ వృత్తి యెంత పెరిగెనో తెలియును. ఇంజను విప్పువా డొకడు, సిలిండరు బోరు చేయువాడు మఱొకడు, క్రాంకు సాన పట్టువాడు వేఱొకడు, రేడియేటరు అతుకువాడు, కమానుకట్టలు వేయువాడు, భాగము లమ్మువాడు. అందఱును నేర్పరులే. కాని పని చెడినపుడు ఒకడు మఱొకని చూపును. కావున అప్పగించునపుడే, ఎవరు చేసినను జవాబు చెప్పవలసినవాడు నీవేయని ఒక్క మేస్త్రీతో నిర్ణయించుకొనవలయును. పూర్వము శ్రేణి వహించిన పూచీ యిట్లు ఒక మనుష్యునిపై నిలుచును.

నా యెఱుకలోని సంగతి యొకటి చెప్పెదను. నా పూర్వశిష్యుడైన యొక రైతు కారు తెల్లని పొగ వదలుచు, రేడియేటరులో నీరు తఱుగుచు, బలము తగ్గెను. పట్టణమున నొక వర్కుషాపువారు చూచి, ఇంజను బోరుకు వచ్చినదనియు, దింపి పిస్టనులు, రింగులు, బేరింగులు అన్నియు మార్చవలయుననియు చెప్పిరి. ఎట్లు తెలిసెనని యడుగగా, పొగ కనబడుట లేదాయని ప్రత్యుత్తరము. అతడు నాయొద్దకు వచ్చి, “మాస్టారూ, ఈ ఖర్చు పెట్టితే అమ్మాయి ఫీజు ఆగిపోతుందండీ” అనెను. మఱొకరికి చూపి గాని ఒప్పుకొనవలదంటిని.

లారీ యజమానులను విచారింపగా ఒక వృద్ధ మేస్త్రీ పేరు చెప్పిరి. ఆయన మొదట ఇంజనును ముట్టలేదు. పొగ ఎప్పటినుండి, నీరు ఎన్ని రోజులకు తఱుగుచున్నది, నూనె తఱుగుచున్నదా యని ప్రశ్నించెను. పిమ్మట ప్లగ్గులు తీసి, నాలుగు సిలిండరులలోను ఒత్తిడిని గేజీతో కొలిచి, ఒక అట్టముక్కమీద వ్రాసెను. ఒకటియు నాలుగును సరిగానుండెను, నడిమి రెండును తక్కువ చూపెను. ఆ రెంటిలోను చెంచాడు నూనె పోసి మరల కొలిచెను. ఒత్తిడి పెరుగలేదు. “రింగులు అరిగితే నూనె పోసినప్పుడు పెరగాలి బాబూ. ఇది రెండింటి మధ్య గాస్కెట్టు కాలినట్టుంది. హెడ్డు ఒక్కటి విప్పుదాం, మీరు దగ్గర ఉండండి” అనెను. విప్పగా అట్లే యుండెను. హెడ్డు అడుగు కొంచెము వంగియుండగా లేతు షాపున సమము చేయించి, కొత్త గాస్కెట్టు వేసి బిగించెను. మొదటివారు చెప్పిన మొత్తములో అయిదవ వంతు కూడ కాలేదు. కాలిన గాస్కెట్టును కాగితములో చుట్టి యజమానుని చేతికిచ్చెను.

మొదటివారు మోసగాండ్రని నే ననను. తెలియమియు మోసమును బయటకు ఒక్క రూపముననే కనబడును, మన సంచికి రెండును ఒకటియే. ఇంజను నిజముగా బోరుకు వచ్చుటయు కలదు. నీలిపొగ, నూనె తఱుగుట, నూనె పోసినపుడు ఒత్తిడి పెరుగుట దాని చిహ్నములు. అప్పుడైనను విప్పిన పిదప సిలిండరును పైన, నడుమ, అడుగున, రెండు దిక్కుల కొలిచి, అరుగుదల యెంతయో అంకెలలో చెప్పవలయును. కొన్ని కొత్త ఇంజనులలో లోపలి పూత వలన బోరు చేయుటయే కూడదు. కొలత లేని నిర్ణయము జోస్యము వంటిది.

నేటి కారులలో కంప్యూటరు దోషమును సంఖ్యగా చూపును. అది యుపకారమే. కాని ఆ సంఖ్య ఎచ్చట బాధ కలుగుచున్నదో చెప్పునుగాని ఏది చెడినదో ఎల్లప్పుడును చెప్పదు. కడుపునొప్పి యన్నంతమాత్రమున కోత పెట్టుదురా?

చట్టము మనకును కలదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులు 2019 చట్టము వచ్చి, 2020 జులై 20 నుండి అమలులో నున్నది. సేవలో లోపముగల మరమ్మతుకు జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. పట్టణమున పని చేయించినను, తాము నివసించు జిల్లాలోనే దాఖలు చేయు వీలు ఈ చట్టము కల్పించినది. కాని కమిషనుముందు నిలుచునది మన కోపము కాదు, మన కాగితము. అంచనా, బిల్లు, హామీ గడువు వ్రాతలో లేనిచో న్యాయము కూడ నిస్సహాయము.

ఈ చరిత్రనుండి నేను గ్రహించిన నియమములు కొన్ని చెప్పి ముగించెదను. బండి చెడకముందే మేస్త్రీని వెదకవలయును. నూనె మార్పించుట వంటి చిన్న పనులతో అతని నడవడి తెలియును. బండితోనే బ్రతుకువారిని, అనగా టాక్సీ, లారీవారిని అడుగవలయును. వారు మరల మరల వచ్చువారు గనుక వారియెడ మోసము నిలువదు. పెద్ద పనికి రెండవ యభిప్రాయము తప్పనిసరి. కొలతలు అడుగవలయును. అంచనా వ్రాయించి, మించినచో చెప్పి చేయుమనవలయును. పాత భాగములు తమకే కావలయునని ముందే చెప్పవలయును.

కడపటిది మన ధర్మము. వందరూపాయల పనికి నలువది యిచ్చి గెలిచితిమనుకొన్నచో, ఆ తక్కువ అరువదియు ఇంజనులోనే ఎచ్చటనో నాసిరకపు భాగమై కూర్చుండును. నిజమైన మేస్త్రీకి అతడడిగిన న్యాయమైన కూలిని బేరమాడక యీయుడు. అతనిని నలుగురికి చెప్పుడు. సత్యవంతునికి పని దొరకనిచో అతడును సంతనుండి తొలగిపోవును. అతనిని గుర్తించుటకు నాకు తెలిసిన గుఱుతు ఒక్కటియే. తనకు లాభము వచ్చు పనిని చూపి, “ఇది మీకు అవసరము లేదు” అని చెప్పగలవాడెవడో, ఇంజను అతని చేతిలో పెట్టి నిశ్చింతగా నిద్రింపవచ్చును.